మోటార్‌సైకిల్ వెనక చక్రం బేరింగులు: ఏవి కొనాలి, ఎన్ని మార్చాలి, ఎవరి చేత వేయించాలి

కౌంటరు దగ్గర నిలబడి అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ బేరింగు మంచిది?" అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: దాని సీలు (దుమ్మూ నీళ్ళూ లోపలికి పోకుండా పక్కన ఉండే మూత) ఏ రకం, దాన్ని హబ్‌లోకి, అంటే చక్రం మధ్య భాగంలోకి ఎలా దించబోతున్నారు. ఈ రెండూ సరిగ్గా ఉంటే పేరున్న ఏ కంపెనీ బేరింగైనా చాలా ఏళ్ళు నడుస్తుంది. ఇవి తప్పితే ఎంత ఖరీదైనది తెచ్చినా నాలుగైదు నెలలకే మళ్ళీ గరగర మొదలు.

ఒక్క లెక్క చూస్తే విషయం తెలిసిపోతుంది. మోటార్‌సైకిళ్ళ హబ్‌లలో తరచూ కనిపించే 6302 బేరింగు తీసుకుందాం. లోపలి రంధ్రం 15 మి.మీ., బయటి వ్యాసం 42 మి.మీ., మందం 13 మి.మీ. దాని డైనమిక్ లోడ్ రేటింగు (తిరుగుతూ బరువు మోసే శక్తికి కంపెనీ ఇచ్చే కొలత) దాదాపు 11.9 కిలోన్యూటన్లు, అంటే 1,200 కిలోల పైచిలుకు. ఇద్దరెక్కి, సామానూ వేసుకుని, ఒక్కో బేరింగు మీద ఏకంగా 200 కిలోలు పడ్డాయనుకున్నా, కంపెనీలు వాడే ఆయుష్షు సూత్రం ప్రకారం పదింటిలో తొమ్మిది బేరింగులు 20 కోట్లకు పైగా చుట్లు తిరగాలి. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 1.9 మీటర్లు కదులుతుంది. లెక్క కడితే 4 లక్షల కిలోమీటర్లు! మరి 25 వేలకే పోతోందంటే దాన్ని చంపింది బరువు కాదు. నీళ్ళు, దుమ్ము, గట్టిగా లాగి బిగించిన చైను, సుత్తి దెబ్బ. కొనేటప్పుడూ వేయించేటప్పుడూ వీటినే దృష్టిలో పెట్టుకోవాలి.

పోయింది బేరింగేనా?

బండిని సెంటర్ స్టాండు వేసి, వెనక టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని అడ్డంగా ఊపండి. ఏ కాస్త టకటక తగిలినా అది ప్లే (వదులు) కిందే లెక్క. అయితే ఆ కదలిక ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలి. ఇంకొకరిని పిలిచి స్వింగ్ ఆర్మ్‌ను (వెనక చక్రాన్ని బండికి కలిపే చేతిని) గట్టిగా పట్టుకోమనండి. ఆర్మ్ కదలకుండా చక్రం మాత్రమే ఆడితే బేరింగు. చక్రంతో పాటు ఆర్మ్ కూడా ఆడితే స్వింగ్ ఆర్మ్ బుష్షులు అరిగాయి, వాటి సంగతి వేరు. బేరింగులు మార్చినా అక్కడి ప్లే పోదు. ఈ తేడా చూడకుండా డబ్బు పోసుకునేవాళ్ళు చాలామంది.

స్ప్రాకెట్‌ను (చైను తిరిగే పళ్ళ చక్రాన్ని) పట్టుకుని ముందుకూ వెనక్కూ తిప్పితే కొంచెం ఆడుతుంది. అది హబ్ రబ్బర్ల వల్ల వచ్చేది, బేరింగుకు సంబంధం లేదు. స్ప్రాకెట్ పక్కకు, అంటే బండి బయటి వైపుకీ లోపలి వైపుకీ ఊగితేనే దాని బేరింగును అనుమానించాలి.

శబ్దాన్ని బట్టి చెప్పాలంటే, 50లో వెళ్తూ క్లచ్ పట్టేసి ఇంజన్‌ను ఐడిల్‌లోకి వదిలేయండి. గుర్రుమనే మోత ఆగకుండా వేగంతో పాటు తగ్గుతూ వస్తే అది చక్రానిది.  వెనక డిస్క్ బ్రేకు ఉన్న బండ్లలో ఇంకో గుర్తు ఉంది. గతుకుల్లో వెళ్ళొచ్చాక మొదటిసారి పెడల్ తొక్కితే ఎక్కువ లోతుకు పోతుంది, రెండోసారి మామూలుగా ఉంటుంది. చక్రం ఊగి డిస్క్ ప్యాడ్లను వెనక్కు నెట్టడం వల్ల అలా జరుగుతుంది.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష చక్రం విప్పాక చేసేది. లోపలి రింగులో వేలు పెట్టి మెల్లగా తిప్పండి. ఇసుక నలిగినట్టున్నా, మెట్లు మెట్లుగా ఆగుతున్నా, తుప్పు రంగు నీళ్ళు కారుతున్నా ఇక ఆలోచించక్కర్లేదు. సీలు విప్పి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పెట్టి నడిపిద్దామని అనుకోవద్దు. రింగు మీద ఒకసారి గుంట పడితే గ్రీజు దాన్ని పూడ్చదు.

ఒకటా, రెండా, మూడా?

చైను బండ్లలో ఎక్కువ వాటికి వెనక మూడు బేరింగులుంటాయి. హబ్‌కు కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి, స్ప్రాకెట్ బిగించిన డ్రమ్ములో ఒకటి. చిన్న బండ్లు కొన్నిటిలో ఈ మూడోది ఉండదు, కాబట్టి విప్పి చూశాకే లెక్క చెప్పాలి.

పాడైన ఒక్కదాన్నే మార్చడం తప్పుడు పొదుపు. కుడి, ఎడమ బేరింగులు ఒకే యాక్సిల్ (చక్రం ఇరుసు) మీద, ఒకే వానలో, ఒకే దుమ్ములో నడిచినవి. ఒకటి పోయి ప్లే వచ్చాక రెండోది వంకరగా మోస్తూ ఉంటుంది. పైగా ఒకదాన్ని బయటికి కొట్టాలంటే లోపల రెండు బేరింగుల మధ్య ఉన్న స్పేసర్ గొట్టాన్ని పక్కకు నెట్టి, లోపలి రింగు మీద దెబ్బ వేయాలి. ఆ పనిలో రెండోదానికీ ఎంతో కొంత దెబ్బ తగులుతుంది. హబ్‌లోవి రెండూ ఎప్పుడూ కలిపే మార్చండి.

స్ప్రాకెట్ డ్రమ్ములోది మాత్రం పరిస్థితిని బట్టి. చైను లాగుడంతా ముందుగా పడేది దాని మీదే కాబట్టి, చైను చాలాకాలం బిగుతుగా నడిచిన బండిలో మిగతా రెండిటికన్నా ముందు అదే పోతుంది. చైన్ సెట్ మార్చే సమయానికే ఈ పని కూడా పడితే మూడూ మార్చేయడం మేలు. చైన్ సెట్ ఈమధ్యే మార్చి, డ్రమ్ము బేరింగు వేలితో మెత్తగా తిరుగుతుంటే ఉంచుకోవచ్చు. బేరింగు బయట విడిగా ఉండే ఆయిల్ సీళ్ళ విషయంలో మాత్రం రెండో ఆలోచన వద్దు, ప్రతిసారీ కొత్తవే వేయండి. పాత సీలును స్క్రూడ్రైవరుతో పెకలించినప్పుడే దాని పెదవి చిరిగిపోతుంది.

నంబరు చదవడం

బేరింగు పక్కన చెక్కిన నంబరులో చివరి రెండంకెలు లోపలి రంధ్రాన్ని చెబుతాయి. 00 అంటే 10 మి.మీ., 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి అంకెను ఐదుతో గుణించాలి: 04 అంటే 20, 05 అంటే 25. ముందున్న 60, 62, 63 అన్నవి వరస. ఒకే రంధ్రానికి 60 వరస సన్నగా, 62 మధ్యస్థంగా, 63 లావుగా ఉంటాయి. 6202 కొలతలు 15, 35, 11. 6302 అయితే 15, 42, 13. యాక్సిల్‌కు రెండూ సరిపోతాయి, హబ్‌కు మాత్రం ఒకటే సరిపోతుంది.

జనం పొరబడేది రెండు చోట్ల. ఐదంకెల నంబరు ఉంటే అది వెడల్పు రకం. 62302కు రంధ్రం, వ్యాసం 6302 లాగే 15, 42. మందం మాత్రం 13 కాదు, 17. బదులుగా 6302 వేస్తే బేరింగు గూట్లో 4 మి.మీ. ఖాళీ మిగులుతుంది, చక్రం పక్కకు జరుగుతుంది. రెండోది, నంబరులో గీత ఉంటే దాని తరవాతున్న అంకె సూటిగా మిల్లీమీటర్లే. 62/22 అంటే రంధ్రం 22 మి.మీ., వ్యాసం 50, మందం 14.

బండి పేరు చెప్పి బేరింగు తెచ్చుకోవడం కన్నా పాతదాన్ని చేతిలో పెట్టుకుని వెళ్ళడం మంచిది. అదే మోడల్లో డ్రమ్ము బ్రేకుకు ఒక నంబరు, డిస్క్‌కు ఒక నంబరు ఉండొచ్చు. అంతకుముందు ఎవరైనా వేరే సైజు ఎక్కించి ఉండొచ్చు కూడా. తుప్పు పట్టి నంబరు కనిపించకపోతే వెర్నియర్‌తో మూడు కొలతలూ తీసుకోండి.

సీలు: ఇక్కడే అసలు ఎంపిక

ఒకే నంబరు బేరింగు మూడు రూపాల్లో దొరుకుతుంది.

రెండు పక్కలా ఏమీ లేకుండా గోళీలు బయటికి కనిపించేది ఓపెన్ రకం. దీన్ని గేర్ బాక్సులో, ఆయిల్‌లో మునిగి తిరిగే చోట వేస్తారు. చక్రానికి వద్దు.

రెండు పక్కలా ఇనుప రేకు ఉండేది జడ్‌జడ్ రకం. కొన్ని కంపెనీలు 2జడ్ అని రాస్తాయి. రేకుకూ లోపలి రింగుకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. దుమ్మును కొంతవరకు ఆపుతుంది, నీటిని ఆపలేదు. కరెంటు మోటార్లలో, ఫ్యాన్లలో ఎక్కువగా వాడేది కాబట్టి ఏ షాపులోనైనా చేతికి ముందు తగిలేది ఇదే. "ఇది కూడా సీల్డే" అంటూ చేతిలో పెట్టేస్తారు. తీసుకోవద్దు.

రెండు పక్కలా రబ్బరు సీలుండి, దాని పెదవి లోపలి రింగును ఆనుకుని తిరిగేది 2ఆర్‌ఎస్ రకం. వెనక చక్రానికి ఇదే సరైనది. కంపెనీని బట్టి అక్షరాలు మారతాయి: ఎస్‌కెఎఫ్‌లో 2ఆర్‌ఎస్1 లేదా 2ఆర్‌ఎస్‌హెచ్, ఎన్‌ఎస్‌కెలో డీడీయూ, ఎన్‌టీఎన్‌లో ఎల్‌ఎల్‌యూ. ఇక్కడ మోసపోయే వీలు కూడా ఉంది. ఎన్‌ఎస్‌కెలో వీవీ అని, ఎన్‌టీఎన్‌లో ఎల్‌ఎల్‌బీ అని వచ్చేవి కూడా చూడ్డానికి రబ్బరే. వాటి పెదవి రింగును తాకదు. నీటి విషయంలో అవి రేకు రకం కన్నా కొంచెం నయం, అంతే.

రబ్బరు ఆనుకుని తిరిగితే బండి బరువెక్కదా, వేడెక్కదా అని కొందరికి సందేహం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కూడా చక్రం తిరిగేది నిమిషానికి 900 చుట్ల లోపే. ఈ సైజు రబ్బరు సీలు బేరింగులు అంతకు ఎన్నో రెట్ల వేగానికి తయారైనవి. చేత్తో తిప్పితే కొత్త 2ఆర్‌ఎస్ కాస్త బిగువుగా అనిపిస్తుంది, అది లోపం కాదు. షాపులో వేలితో గిర్రున తిప్పి చూసి, ఎక్కువసేపు తిరిగినదే మంచిదని ఎంచుకునే అలవాటు తలకిందులు వ్యవహారం. గ్రీజు నిండుగా, సీలు గట్టిగా ఉన్న బేరింగు అలా తిరగదు.

మీ బండికి కంపెనీ వాళ్ళు ఒక్క పక్కే సీలున్న బేరింగు వేసి ఉంటే, దాని స్థానంలో అదే నంబరు 2ఆర్‌ఎస్ వేసుకోవచ్చు, మందం మారదు. ఒక పక్క సీలుదే దొరికితే ఆ సీలు బయటికి చూసేలా వేసి, లోపలి వైపు గోళీల మధ్య లిథియం గ్రీజు వేలితో నొక్కి పెట్టాలి. హబ్ అంతా గ్రీజుతో నింపడం వల్ల లాభం లేదు. అది వేడికి కరిగి బ్రేకు షూల మీదికి దిగుతుంది.

దమ్ము చేసిన మళ్ళ గట్ల మీద, కాలవలు దాటుతూ తిరిగే బండికీ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఉండే బండికీ ఇంకో జాగ్రత్త పనికొస్తుంది. కొత్త 2ఆర్‌ఎస్‌లో కంపెనీ నింపే గ్రీజు లోపలి ఖాళీలో మూడో వంతు ఉంటుంది. సన్నని బ్లేడు మొనతో సీలును లోపలి రింగు వైపు నుంచి జాగ్రత్తగా లేపి, నీటికి తట్టుకునే గ్రీజు ఇంకాస్త పెట్టి, మళ్ళీ వేలితో నొక్కేయొచ్చు. పెదవి వంగిందా, అసలుకే మోసం. చేయి తిరగనివాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

సీ3 అని రాసి ఉంటే?

గోళీలకూ రింగులకూ మధ్య ఉండే ఖాళీని ఇది చెబుతుంది. 10 నుంచి 18 మి.మీ. రంధ్రం బేరింగుల్లో మామూలు రకానికి ఈ ఖాళీ 3 నుంచి 18 మైక్రాన్లు, సీ3కి 11 నుంచి 25 మైక్రాన్లు. బేరింగును బిగువుగా హబ్‌లోకి దించినప్పుడు బయటి రింగు కొద్దిగా నొక్కుకుని ఆ ఖాళీ తగ్గుతుంది. అందుకే సీ3 వేసినా చక్రంలో చేతికి తెలిసే ప్లే రాదు. పాతదాని మీద సీ3 ఉంటే సీ3యే వేయండి. లేకపోతే మామూలుది. రబ్బరు సీలున్న సీ3, రేకున్న మామూలుది పక్కపక్కన పెట్టి ఒకటి తీసుకోమంటే క్షణం ఆలోచించకుండా రబ్బరు సీలుదే తీసుకోండి. సిరామిక్ గోళీల బేరింగులు రోడ్డు బండికి దండగ.

కంపెనీ స్పేరా, బేరింగు షాపా?

బండి కంపెనీ బేరింగులు తయారు చేయదు, ఎస్‌కెఎఫ్, ఎఫ్‌ఏజీ, జైపూర్‌లో తయారయ్యే ఎన్‌బీసీ లాంటి వాళ్ళ దగ్గర కొంటుంది. షోరూమ్ స్పేరు తీసుకుంటే నంబరు, సీలు, ఖాళీ, అన్నీ మీ బండికి తగినవే వస్తాయి. వెతుక్కునే పని తప్పుతుంది. నంబరు చదవడం తెలిసినవాళ్ళకు సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో బేరింగు షాపుకు వెళ్తే లాభం ఏమిటంటే, ఒక పక్క సీలుకు బదులు 2ఆర్‌ఎస్ కావాలని అడిగి తెచ్చుకోవచ్చు. స్పేర్ పార్టుల కౌంటర్లో ఆ ఎంపిక ఉండదు.

భయమల్లా నకిలీలతోనే. పేరున్న కంపెనీ డబ్బాలో నాసి సరుకు పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో పాత జబ్బు. మిగతా షాపుల ధరలో సగానికే ఇస్తామంటే అక్కడే అనుమానించాలి. రింగు మీద అక్షరాలు సన్నగా, సమంగా ఉండాలి, గోరుతో గీస్తే చెరగకూడదు. డబ్బా మీది నంబరూ బేరింగు మీది నంబరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఎస్‌కెఎఫ్ ఆథెంటికేట్, షాఫ్లర్ (ఎఫ్‌ఏజీ ఈ కంపెనీదే) ఆరిజిన్‌చెక్ అనే ఫోను యాప్‌లు ఇందుకోసమే ఉన్నాయి. వాడుకోండి. బిల్లు ఇవ్వనన్న షాపులో కొనకండి. అసలు డబ్బా లేకుండా విడిగా, నూనె కాగితంలో చుట్టి ఇచ్చేది ఎంత చవకైనా వద్దు. అది పాతదాన్ని కడిగి మెరుగుపెట్టింది కావచ్చు.

పేరున్న కంపెనీల మధ్య ఇది గొప్పదా అది గొప్పదా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మొదట చెప్పిన లెక్క గుర్తుంటే చాలు: అవన్నీ మీ బండి బరువుకు కావలసిన దానికన్నా ఎంతో ఎక్కువ మోస్తాయి.

ఎవరి చేత వేయించాలి?

దారి మూడు రకాలు. మీరే వేసుకోవచ్చు, వీధి చివర మెకానిక్కు ఇవ్వొచ్చు, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళొచ్చు. నాలుగోది ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు: చక్రం మీరు విప్పుకుని, చక్రాన్నీ కొత్త బేరింగులనీ ప్రెస్సు ఉన్న లేత్ షాపుకు పట్టుకెళ్ళడం. పానాలు ఉండి, చైను సరిచేసుకోవడం వచ్చినవాళ్ళకు మా సలహా ఇదే. ప్రెస్సు మీద బేరింగు నిటారుగా, ఒక్క దెబ్బ కూడా తగలకుండా దిగుతుంది. హబ్ లూజుగా ఉంటే అక్కడికక్కడే కొలిచి చెప్పగలిగేది కూడా లేత్ పని తెలిసినవాళ్ళే.

మెకానిక్కు ఇస్తే పని మొదలుపెట్టక ముందే ఒక్క మాట అడగండి: "బేరింగును దేంతో దించుతారు?" బయటి రింగుకు సరిపోయే గొట్టమో, సాకెట్టో, పాత బేరింగో చూపిస్తే నిశ్చింతగా ఇవ్వండి. ఉలి పెట్టి చుట్టూ కొడతానంటే బండి వెనక్కు తిప్పేయండి. సర్వీస్ సెంటర్లో పనిముట్లు ఉంటాయి, కూలి ఎక్కువ. డిస్క్ బ్రేకు, ఏబీఎస్ రింగు ఉన్న బండ్లకు మాత్రం ఆ కూలి పెట్టడం మంచిదే. ఏబీఎస్ రింగు వంగితే సెన్సరు తప్పుడు లెక్క చెబుతుంది.

పని ఎలా జరగాలి

మీరు చేసినా, దగ్గరుండి చేయించినా ఈ వరస తెలిసి ఉండాలి.

చక్రం విప్పేటప్పుడు ఏ కాలర్ (యాక్సిల్ మీద చక్రం పక్కన ఉండే గొట్టం ముక్క) ఏ పక్కనుంచి వచ్చిందో ఫోనులో ఫొటో తీసుకోండి. ఆయిల్ సీళ్ళు తీశాక బేరింగు బయటి అంచున సర్‌క్లిప్ (అది జారకుండా పట్టే స్ప్రింగు రింగు) ఉందేమో మట్టి తుడిచి మరీ చూడండి. కనిపించని సర్‌క్లిప్ మీద సుత్తితో కొట్టి హబ్ పగలగొట్టినవాళ్ళున్నారు.

చక్రాన్ని రెండు చెక్కదిమ్మల మీద హబ్ ఆనేలా పెట్టాలి, డిస్క్ మీద బరువు పడకూడదు. లోపలున్న స్పేసర్ గొట్టాన్ని కొంచెం పక్కకు జరిపి, పొడవాటి రాడ్డు మొనను అవతలి బేరింగు లోపలి రింగు అంచుకు ఆనించి, ఒకసారి ఇటు ఒకసారి అటు కొడుతూ సమంగా దింపాలి. ఒకే చోట కొడితే అది అడ్డం తిరిగి హబ్ గోడను గీకేస్తుంది. స్పేసర్ ఏమాత్రం జరగకపోతే రాడ్డుకు పట్టు దొరకదు. అప్పుడు లోపల విచ్చుకుని పట్టే కాలెట్ పుల్లర్ కావాలి. ఇలా బయటికి వచ్చిన బేరింగు ఎంత కొత్తదైనా మళ్ళీ వేయకూడదు. లోపలి రింగు మీద పడిన దెబ్బ గోళీల ద్వారా బయటి రింగుకు చేరి, కంటికి కనపడని గుంటలు పడి ఉంటాయి.

ఇప్పుడు స్పేసర్‌ను పరీక్షించండి. ఇంత చిన్న గొట్టం పని ఏమిటంటే, యాక్సిల్ నట్టు బిగించినప్పుడు పడే ఒత్తిడిని ఒక లోపలి రింగు నుంచి రెండో లోపలి రింగుకు చేరవేయడం. ఇది లేకపోయినా, పొట్టిదైనా నట్టు బిగిసిన కొద్దీ రెండు లోపలి రింగులూ ఒకదానివైపు ఒకటి లాగబడతాయి, గోళీలు పక్క గోడలకు ఒత్తుకుపోతాయి. అలా నడిచిన బేరింగు కొన్ని వందల కిలోమీటర్లలోనే వేడెక్కి పోవచ్చు. స్పేసర్ పొడవు, హబ్‌లోని రెండు గట్ల మధ్య దూరానికి సమానంగా గానీ, 0.1 లేదా 0.2 మి.మీ. ఎక్కువగా గానీ ఉండాలి. అంతకన్నా తక్కువ మాత్రం కాకూడదు. పాత దెబ్బలకు చివరలు పువ్వులా విచ్చుకుని ఉంటే ఆకురాయితో చదును చేయాలనిపిస్తుంది. అలా రాస్తే పొడవు తగ్గిపోతుంది. కొత్తది కొనండి.

గూడును గుడ్డతో తుడిచి, బర్రు ఉంటే సన్న ఎమెరీ కాగితంతో తీసేయండి. కొత్త బేరింగులను పాలిథీన్ కవరులో కట్టి రెండు మూడు గంటలు ఫ్రీజర్‌లో ఉంచండి. హబ్‌ను హాట్ ఎయిర్ గన్‌తో, నీటి చుక్క వేస్తే చుయ్యిమనేంత వేడి చేయండి. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. 42 మి.మీ. గూడు 80 డిగ్రీలు వేడెక్కితే 0.08 మి.మీ. దాకా విచ్చుకుంటుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన బేరింగు 0.02 మి.మీ. పైగా ముడుచుకుని ఉంటుంది. రెండూ కలిస్తే ఎక్కువ సార్లు బేరింగు చేతి ఒత్తిడికే దిగిపోతుంది. గ్యాస్ మంట వద్దు, రంగు కాలుతుంది, వేడి ఒకే చోట పడుతుంది.

దిగకుండా ఆగితే నొక్కడం బయటి రింగు మీదే. 42 మి.మీ. బేరింగుకు 40 నుంచి 41 మి.మీ. వ్యాసం ఉన్న సాకెట్టు సరిపోతుంది. పాత బేరింగు వాడాలంటే దాని బయటి అంచును గ్రైండరు మీద కొంచెం అరగదీయండి, లేకపోతే అదీ గూట్లో ఇరుక్కుంటుంది. సుత్తి అసలు వద్దనుకుంటే ఒక అడుగు పొడవు మరల రాడ్డు, రెండు నట్లు, మందపాటి వాషర్లు చాలు. 15 మి.మీ. రంధ్రానికి 12 మి.మీ. రాడ్డు, 12 మి.మీ. రంధ్రానికి 10 మి.మీ. రాడ్డు. రెండు పానాలతో బిగిస్తూ పోతే బేరింగు మెల్లగా లోపలికి జారుతుంది.

ముందు ఏ పక్కది వేయాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఆ మొదటి బేరింగు గూటి గట్టు తగిలేదాకా పూర్తిగా దిగాలి. చక్రం తిరగేసి స్పేసర్ లోపల పెట్టండి. ఇది మరిచిపోయి రెండోది కొట్టేసి, మళ్ళీ అన్నీ ఊడదీయడం ఈ పనిలో అందరికన్నా ఎక్కువగా జరిగే తప్పు. యాక్సిల్‌ను దూర్చి స్పేసర్‌ను మధ్యకు తెచ్చుకుని రెండో బేరింగును దింపండి. ఇది గట్టు దాకా పోవాల్సిన పని లేదు, లోపలి రింగు స్పేసర్‌ను తాకగానే ఆపేయాలి. సరిగ్గా కుదిరితే వేలితో గట్టిగా నెడితే స్పేసర్ పక్కకు జరుగుతుంది, చక్రం ఊపితే మాత్రం గలగలమనదు.

హబ్ గూడే లూజైతే

వేడి చేయకుండానే బొటనవేలితో నొక్కితే బేరింగు జారిపోయిందంటే గూడు అరిగింది. పాత బేరింగు గట్టిగా పట్టేసి, దాని బయటి రింగే హబ్‌లో తిరుగుతూ వచ్చిందన్నమాట. పంచ్‌తో గూడు లోపల చుక్కలు కొట్టి వేయడం మన దగ్గర మామూలు. ఆ చుక్కల మొనలు మాత్రమే బేరింగును పట్టుకుంటాయి, కొన్నాళ్ళకే అణిగిపోతాయి. కూల్‌డ్రింకు డబ్బా రేకు చుట్టి దింపితే బేరింగు కేంద్రం తప్పుతుంది. రెండూ వద్దు.

తేడా 0.1 మి.మీ. లోపు ఉంటే లాక్‌టైట్ 641 లాంటి బేరింగు పట్టు ద్రావణం పనిచేస్తుంది. 0.25 దాకా ఉంటే 638. మొదటిది తరవాత వేడి చేసి తీయడానికి తేలిక, రెండోది మొండిగా పడుతుంది. గూడు, రింగు రెండూ నూనె మరక లేకుండా శుభ్రంగా ఉండాలి, సీలు మీద చుక్క పడకూడదు, ఒక రాత్రి ఆరాలి. అంతకన్నా ఎక్కువ అరిగితే లేత్ మీద గూడు పెద్దది చేసి స్లీవు దింపించాలి. మంచి లేత్ పనివాడు దొరికితే అది కొత్త హబ్‌తో సమానం. దొరకకపోతే హబ్ మార్చడమే దారి. స్పోక్స్ చక్రానికి హబ్ ఒక్కటే మార్చి మళ్ళీ అల్లించుకోవచ్చు, అల్లాయ్ చక్రానికి మొత్తం చక్రం కొనాలి. గరగర విన్న రోజే బేరింగు మార్చుకుంటే ఈ ఖర్చు రాదు.

బిగించాక

చక్రం ఎక్కించి, చైను ఊపు స్టిక్కరు మీద రాసినంతే ఉంచి, యాక్సిల్ నట్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు కొలతకు) బిగించండి. చేత్తో చక్రం తిప్పి చూడండి. స్వేచ్ఛగా తిరగాలి. నట్టు బిగించినప్పుడు బిగుసుకుపోయి, అరచుట్టు వదలగానే తేలిగ్గా తిరిగితే బేరింగులది తప్పు కాదు. స్పేసర్ పొట్టిదైనా అయ్యుండాలి, ఏదో కాలర్ తారుమారైనా అయ్యుండాలి. నట్టు వదులుగా ఉంచి సర్దుకోవడం ప్రాణాపాయం, విప్పి సరిచేయాల్సిందే. డ్రమ్ము బ్రేకు బండ్లలో టార్క్ రాడ్డు (బ్రేకు ప్లేటు తిరగకుండా ఆపే రాడ్డు) బోల్టూ, దాని పిన్నూ మరవొద్దు.

పది కిలోమీటర్లు తిరిగొచ్చి స్ప్రాకెట్ వైపు హబ్ మీద చేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చేయి కాలితే మళ్ళీ విప్పాలి. బ్రేకు ఉన్న వైపు దాని వేడి కలుస్తుంది కాబట్టి అటు చూసి లాభం లేదు. వంద కిలోమీటర్లయ్యాక టైరు పైనా కిందా పట్టుకుని ఇంకోసారి ఊపి చూడండి, చైను ఊపు కొలవండి. బండి కడిగించేటప్పుడు ప్రెషర్ గన్‌ను హబ్ మధ్యకు గురిపెట్టనివ్వొద్దు.